సవరణ ఎవరు చదివారు?

బందరు నుంచి గుడివాడ వెళ్లే పొద్దుటి ప్యాసింజరులో కిటికీ పక్క సీటు కోసం జరిగే యుద్ధాలు చరిత్రకెక్కలేదు గానీ, ఎక్కవలసినవే. రెండేళ్లపాటు ఆ యుద్ధాల్లో ఓటమి ఎరగని వీరుణ్ణి నేను. ఇంజినీరింగు కూడా ఆ రెండేళ్లే చదివాను. మూడో ఏడు కాలేజీకి నా అవసరం లేదనిపించింది, నేనూ మొహమాటపెట్టలేదు.

ఆ రైల్లో సీటు కోసం ఎగబడని మనిషి ఒక్కతే ఉండేది. అమ్మాజీ అక్క. ఖాళీ ఉన్నా కూర్చునేది కాదు. తలుపు దగ్గర నిలబడి, ఫోన్ బయటికి చాపి, కౌతవరం వచ్చేదాకా దాంట్లోకే చూసేది. అక్కడ సిగ్నల్ బాగుంటుందట. ఏం చూస్తున్నావక్కా అంటే, "రాత్రి మావాళ్లని ఎవరైనా చదివారేమోనని" అనేది.

అక్కది గుడివాడ పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. పేరు రాయను. నన్ను వదులుకున్న సంస్థకి ఉచిత ప్రచారం దేనికి? అక్కడి మేష్టార్లు రాసే పరిశోధన వ్యాసాలన్నీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో పెడతారు. ఎవరైనా, ఏ ఊరినుంచైనా, పైసా కట్టకుండా తెరిచి చదువుకోవచ్చు. తెరిచినవాళ్లెంతమంది, వాటి గురించి ఎక్కడెక్కడ మాట్లాడుకున్నారు అని ఆరా తీయడం అక్క పని. ప్రతి సోమవారం ఒక కాగితం నోటీసు బోర్డు మీద అంటిస్తుంది. ఇంటర్ ఫలితాల రోజు పిల్లల్లాగా మేష్టార్లు దాని చుట్టూ మూగుతారు. పెద్ద పెద్ద డాక్టరేట్లు మునివేళ్ల మీద నిలబడి తమ పేరు వెతుక్కోవడం నేను కళ్లారా చూశాను.

ఒకాయన తన వ్యాసాన్ని తనే తెరిచి తెరిచి, చేతిలో మౌసు వాడేసిన సబ్బుబిళ్లంత అయ్యేదాకా అరగదీశాడు. ఇది నేను చెప్తే అక్క నవ్వింది గానీ నమ్మలేదు. ఆయన నొక్కుళ్లని మాత్రం లెక్కలోంచి తీసేసింది.

"పాపం ఉండనీ అక్కా, ముసలాయన."

"యంత్రాలు వాటంతటవే తెరిచినవి తీసేస్తాను. తమని తాము చదువుకున్నవీ తీసేస్తాను. ఇక మిగిలేది మనుషులు, నాగసాయీ. ఎంత తక్కువైనా సరే, మనుషులే ఉండాలి."

వాళ్ల నాన్నగారు బందరు కోర్టులో గుమాస్తా. పెరుగన్నం తింటూ కూడా నకలుని అసలుతో సరిపోల్చుకునేవారట. ఆ రక్తమే ఈవిడకీ వచ్చింది. గొంతు మాత్రం లైబ్రరీ గొంతు. పక్కన నిలబడ్డవాడికి కూడా రెండోసారి చెప్పాలి. పెళ్లి చూపుల్లో పేరడిగితే అవతలివాళ్లకి వినపడక వెళ్లిపోయారని ఒక కథ ఉంది. అది నేనే పుట్టించాను. అయినా నిజంలాగే ఉంటుంది.

నా సంగతి అంటారా, చదువు మానేశాక మైకు ఆటో పెట్టాను. చీరల షాపు తగ్గింపు ధరలు, కంటి శిబిరం, తప్పిపోయిన గేదె... బందరు నుంచి దివిసీమ దాకా ఏ కబురైనా నా గొంతు మీదుగా పోవలసిందే. ఒకసారి మంగినపూడి ఒడ్డున మైకు పెద్దది చేస్తే అల ఒకటి అడుగు వెనక్కి వేసింది. చూసినవాళ్లున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. సూర్యనారాయణ గారని ఆ యూనివర్సిటీలో భూగోళం చెప్పే మేష్టారు. కృష్ణా నది సముద్రంలో కలిసేచోట, అంటే మొగ దగ్గర, పెద్ద వరద వచ్చిపోయాక ఇసుక మేటలు ఎటు కదిలాయో, పడవ పట్టే లోతు ఎటు మిగిలిందో ఉపగ్రహం తీసిన బొమ్మలు పెట్టి ఒక వ్యాసం రాశారు. ఒకే పేజీలో రెండు బొమ్మలు. ఎడమ పక్కది "వరదకు ముందు", కుడి పక్కది "వరద తర్వాత". వ్యాసం పెట్టిన కొత్తలో దాన్ని ఈగ కూడా వాలి చూడలేదు. మే నెలలో ఉన్నట్టుండి తెరిచినవాళ్ల సంఖ్య లేచి కూర్చుంది. ఎవరు చదువుతున్నారో అంతుపట్టలేదు. దివిసీమలో ఫోన్ తెరిచినా ఎక్కణ్ణుంచి తెరిచారో చూపించే అక్క పటంలో చుక్క విజయవాడ మీదే పడుతుంది.

అక్క వదల్లేదు. వెతికి వెతికి ఒక వీడియో పట్టుకుంది. ఏటిమొగ రేవులో పడవెక్కి అయ్యప్ప అనే కుర్రాడు, చేతిలో ఆ పేజీ, దానికి లామినేషను. "తమ్ముళ్లూ, మన మొగలో దారి ఇదిగో. యూనివర్సిటీ వాళ్లు ఆకాశంలోంచి చూసి తీసిన బొమ్మ. అయ్యప్ప దగ్గరుంది, ఇక అయ్యప్పకి అడ్డులేదు!" అంటున్నాడు. ఆ సాయంత్రం కోనేరు సెంటర్లో నా ఆటో ఆపి మరీ చూపించింది అక్క.

"మేష్టార్లు మేష్టార్లని చదవడం కాదురా. పడవ నడిపేవాడు చదివాడు. పదేళ్లలో ఇలాంటి పాఠకుణ్ణి చూళ్లేదు."

ఆ సోమవారం నోటీసు కాగితంలో మొదటి వరుసలో ఆ కుర్రాడి పేరు వేసింది.

జూన్ మధ్యలో వేట నిషేధం ముగుస్తుంది. రెండు నెలలు ఒడ్డున కట్టేసిన మోటారు పడవలు సముద్రంలోకి వెళ్తాయి. సరిగ్గా నిషేధం ఆఖరి రోజు, శనివారం, ఏదో సెమినారు కోసం సూర్యనారాయణ గారు తన బొమ్మలు తనే మళ్లీ చూసుకున్నారు. చూసి, భోజనం వదిలేసి లైబ్రరీకి పరుగెత్తుకొచ్చారు. బొమ్మల కింద పేర్లు తారుమారయ్యాయి. "వరద తర్వాత" అని ఉన్నది వరదకు ముందుది. అందులో పడవ దారి అని కనిపిస్తున్నచోట ఇప్పుడు ఇసుక.

ఆయన దాచుకోలేదు. ఆ సాయంత్రమే అక్క చేత పాత వ్యాసం తీయించి సవరించింది పెట్టించారు. పైన ఎర్ర అక్షరాలతో "సవరణ" అని కూడా వేయించారు. అధికారులకి ఉత్తరాలు పంపారు.

ఆదివారం పొద్దున్న నా ఫోన్ మోగింది.

"నాగసాయీ, ఆటో ఉందా?"

"ఉంది. ఎవరి గేదె పోయిందక్కా?"

"ఏటిమొగ వెళ్లాలి. ఇప్పుడే."

ఆ గొంతు రెండోసారి చెప్పించుకోలేదు. మొదటిసారే వినిపించింది. అందుకే భయం వేసింది.

ఈడేపల్లిలో ఇంటి ముందు నిలబడి ఉంది. చేతిలో సవరించిన పేజీ ప్రింటు, ఫోను. ఎక్కుతూనే చెప్పింది. తప్పు బొమ్మని తెరిచినవాళ్లు వందలు. సవరణ తెరిచినవాళ్లు సున్నా. రాత్రి పడుకునే ముందు సున్నా, లేచాక సున్నా.

"కాగితానికి లామినేషను చేయించుకున్నవాడు మళ్లీ వెబ్‌సైట్ ఎందుకు చూస్తాడురా? ఈ మధ్యాహ్నం పోటు నిండగానే పడవలు వెళ్తాయట. వాడు ఆ బొమ్మ చూసుకుని మొగ దాటబోతాడు. ఇసుక మీదికెక్కితే వెనకనుంచి అల వచ్చి తిరగేస్తుంది. పడవలో వాడొక్కడే ఉండడు కదా."

"ఫోన్ చెయ్యొచ్చుగా?"

"నంబరు లేదు. వీడియో కింద రాశాను. చూడు, ఏం జవాబొచ్చిందో."

"ఈ మ్యాపులో తప్పుంది, దయచేసి వాడకండి" అని అక్క రాసింది. కింద ఎవరో "కుళ్లుకోకండి మేడమ్" అన్నారు. ఇంకొకడు నవ్వు బొమ్మలు వరసగా పెట్టాడు. అయ్యప్ప దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఆ రోజు నా ఆటో నేల మీద నడిచిందని చెప్పను. చల్లపల్లి దాటేదాకా మూడు చక్రాల్లో రెండు గాల్లోనే ఉన్నాయి. కాలువలకింకా నీళ్లు వదల్లేదు, చేలు బీటలు తీసి ఉన్నాయి. ఎండ మండిపోతోంది. అక్క వెనక సీట్లో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఫోన్ చూస్తూనే ఉంది.

మోపిదేవి దగ్గర అడిగాను. "ఎంత?"

"సున్నా."

"నేను తెరుస్తా అక్కా. ఒకటవుద్ది, నీ మనసు కుదుటపడుద్ది."

"నువ్వు తెరిస్తే తీసేస్తాను."

మేం అవనిగడ్డలో ఉండగా సూర్యనారాయణ గారు అక్కకి ఫోన్ చేశారు. "అమ్మాజీ గారూ, ఎంతవరకూ వచ్చారండీ? అధికారులు ఫోనెత్తట్లేదు. ఆదివారం. నేనూ బయల్దేరాను గానీ ఇంకా పామర్రు దాటలేదు. పోటు అప్పటిదాకా ఆగదు. ఆ కుర్రాడికి ఏమన్నా అయితే నేనిక..." అక్కడ మాట తెగిపోయింది. సిగ్నల్ పోయిందో, ఆయనే ఆపేశారో తెలీదు.

నాగాయలంకలో నేను నా ఆయుధం బయటికి తీశాను. మైకు. "మత్స్యకార సోదరులకు ముఖ్య గమనిక! మొగ మ్యాపులో పొరపాటు..." ఇంకా పూర్తికాలేదు, టీకొట్టు ముందు నలుగురు పగలబడి నవ్వారు.

"ఏరా, మళ్లీ తిమింగలమొచ్చిందా?"

అది పాత సంగతి. ఎగ్జిబిషను ప్రచారంలో "బతికున్న తిమింగలం" అని ఈ ఊళ్లోనే అరిచాను. లోపలున్నది ప్లాస్టిక్‌ది. కానీ ఎంత బాగా చేశారంటే, దాని ఊపిరి నాకు తగిలింది. అదంతా వీళ్లకి విప్పి చెప్పే తీరిక లేదు.

"మైకు కట్టెయ్" అంది అక్క.

ఏటిమొగ రేవు చేరేసరికి నీళ్లు గట్టు దాకా వచ్చేశాయి. పడవలన్నిటికీ మామిడాకులు, నిమ్మకాయల దండలు. డప్పులు. ఇంజన్లు గుడగుడమంటున్నాయి. అన్నిటికంటే ముందు, ముక్కు సముద్రంవైపు తిప్పుకుని, నీలం పడవొకటి ఉంది. దాని ఇంజను పెట్టె మీద లామినేషను కాగితం తళతళలాడుతోంది. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

అక్క చెప్పులు విడిచి గట్టు దిగింది.

"అయ్యప్ప గారూ! ఆగండి! మీ మ్యాపు తప్పు!"

ఆ గొంతు అక్కదే. డప్పు వాయించేవాడు కూడా ఆగిపోయాడు.

అయ్యప్ప తలెత్తి ముందు ఆవిణ్ణి చూశాడు, తర్వాత నన్ను, నా ఆటోని. తర్వాత వెనక పడవలో నిలబడ్డ తన బావమరిది గోపి వైపు తిరిగాడు.

"ఒరే గోపిగా, బాగుందిరా! ఇప్పుడు మైకు బండిని కూడా పిలిపించావా?"

"నాకేం తెలీదు బావా! ఒట్టు!"

ఇక్కడ మీకొకటి చెప్పాలి. అయ్యప్ప బందరు పక్క గిలకలదిండి కుర్రాడు. ఏటిమొగ రత్తయ్య కూతురు సాయిదుర్గని చేసుకుని, నిషేధం మొదలయ్యాక అత్తవారి ఊరికొచ్చి పడవ పెట్టుకున్నాడు. ఈ మొగలో ఒక్కసారీ పడవ నడపలేదు. కొత్తల్లుడు దొరికితే బావమరుదులు ఊరుకుంటారా? కాఫీలో ఉప్పు వేశారు. పీతలు దండిగా ఉన్నాయని చెప్పి మోకాలి లోతు బురదలోకి పంపారు. అందుకని గోపి మొదట్నుంచీ "బావా, ఆ దారి పూడిపోయింది, తూర్పుగా రా" అని మొత్తుకుంటుంటే అదీ ఒక వేళాకోళమే అనుకున్నాడు. వాళ్ల నోళ్లు మూయించడానికే యూనివర్సిటీ కాగితం వెతికి పట్టుకున్నాడు. అందరికంటే ముందు నేనే దాటతానని పందెం కూడా వేశాడు.

పైగా గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడ్డ మామగారు రత్తయ్య ఆ కాగితానికే ఓటేశాడు. మోకాళ్లు పోయి వరదకి ముందే వేట మానేశాడాయన. "అల్లుడు తెచ్చిన బొమ్మ నిజమేనమ్మా. నా వయసంతా నడిచిన దారే అది" అన్నాడు అక్కతో.

"మీరు నడిచినప్పుడు నిజమేనండీ. అది వరదకి ముందు బొమ్మ. మేమే పేరు మార్చి వేశాం. తప్పు మాది." అక్క సవరించిన ప్రింటు పైకెత్తి చూపించింది.

అయ్యప్ప నవ్వాడు. "ప్రింట్లు గోపిగాడు కూడా తీయించగలడండీ. అవనిగడ్డలో బోల్డు షాపులున్నాయి. తప్పుకోండి, పోటు తిరిగిపోద్ది."

కళాసీ తాడు విప్పడం మొదలుపెట్టాడు. సూర్యనారాయణ గారికి ఫోన్ చేశాను. మోగలేదు. సిగ్నల్ లేదు. నా జీవితంలో మొదటిసారి నాకు మాట దొరకలేదు. ఇక్కడ అబద్ధం లేదు.

అక్క ఫోన్‌లో ఏదో వెతుకుతోంది. తాడు సగం విప్పేశారు. మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగిపోయి పడవ అంచు పట్టుకుంది.

"ఇది చూడండి. ఇదొక్కటి చూసి వెళ్లండి."

ఫోన్‌లో ఒక ఫోటో. యూనివర్సిటీ నోటీసు బోర్డు, దాని ముందు మేష్టార్లు. కాగితం మీద మొదటి వరుస: "అయ్యప్ప, పడవ సరంగు, ఏటిమొగ. ఈ వ్యాసాన్ని తన పనికి వాడుకున్న పాఠకుడు." పైన మే నెల తేదీ.

అయ్యప్ప వంగి చూశాడు. ఒకసారి చదివాడు. వేలితో పెద్దది చేసి మళ్లీ చదివాడు.

"ఇది... నా పేరా?"

"మీదే. మీరు మమ్మల్ని చదివారని అందరికీ చూపించుకున్నాం. అందుకే తప్పని తెలియగానే బందరు నుంచి వచ్చాను. ఇది గోపి గారు చేయించగలరా? మే నెలలో?"

ఇంజను గుడగుడమంటోంది. అతను గోపి వైపు చూశాడు. గోపి ముఖంలో నవ్వు లేదు. పడవలో ఉన్న ఇద్దరు కళాసీలు సరంగు ముఖంలోకి చూస్తున్నారు.

"తాడు ఆపరా" అన్నాడు అయ్యప్ప.

కానీ చిక్కు అక్కడితో తీరలేదు. అక్క కాగితం పీకబోతే చెయ్యి అడ్డుపెట్టాడు. "తియ్యకూడదండీ. పసుపు పెట్టింది. పూజైన వస్తువు మొదటి వేట అయ్యేదాకా పడవ దిగకూడదు." గట్టు మీద రత్తయ్య కూడా తలూపాడు. తీస్తే వాళ్లు ముందుకి కదలరు. ఉంచితే, మొగ దగ్గర నీళ్లు ఎగిసి పడుతున్నప్పుడు కన్ను అలవాటుగా ఆ బొమ్మ మీదికే పోతుంది. అటు పోటు నిలబడింది. ఇక తిరగడమే తరువాయి.

అక్క ఒక్క క్షణం ఆలోచించింది.

"తియ్యొద్దు. ఇంకొంచెం పసుపు పెట్టొచ్చా?"

జవాబు కోసం ఆగకుండా సాయిదుర్గ పూజ పళ్లెం తెచ్చి అందించింది. అక్క పసుపు ముద్ద తీసుకుంది. "వరద తర్వాత" అన్న బొమ్మ మీద మూల నుంచి మూలకి దట్టంగా పూసింది. దారి పోయింది, ఇసుక పోయింది, పేరు పోయింది. మొత్తం పసుపు గోడలాగా అయింది. ఎడమవైపు బొమ్మ మీద, "వరదకు ముందు" అన్న మాటని కప్పేస్తూ, కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇది ఇప్పటి దారి. తూర్పు వైపు. ఇదొక్కటే చూడండి."

అయ్యప్ప తలూపాడు. తర్వాత నోరు తెరిచి ఒక అల్లుడు అనకూడని మాట అన్నాడు. "బావా, నువ్వు ముందు పద. నీ వెనకాల వస్తా."

పందెం పోయింది. గోపి ఎగతాళి చెయ్యలేదు. పడవ ముందుకి తెచ్చాడంతే.

మేం గట్టు వెంబడి మడ చెట్ల చివరి దాకా నడిచాం. అక్క, నేను, రత్తయ్య, సాయిదుర్గ. పడవలు చిన్నవైపోయాయి. మొగ దగ్గర గోపి పడవ తూర్పుకి తిరిగింది. నీలం పడవ మాత్రం తిన్నగా పోతోంది. ఇంకా తిన్నగానే. సాయిదుర్గ నా చెయ్యి పట్టుకుంది, ఎవరిదో చూసుకోకుండానే. అలవాటు చొప్పున పోతున్నాడా, అల నెడుతోందా? అప్పుడు నీలం ముక్కు మెల్లగా తిరిగింది. తూర్పుకి. ఒకసారి పైకి లేచి కిందపడి, అవతల నీళ్లలో నిలబడింది.

పడమర పక్క, కాగితంలో దారి ఉండినచోట, పెద్ద అల ఒకటి విరిగి నేల తగిలినట్టు తెల్లగా లేచింది. నీళ్లు పోయాక ఇసుక వీపు ఒకటి బయటపడి మళ్లీ మునిగింది.

రత్తయ్య దాన్ని చాలాసేపు చూశాడు. "అక్కడ రెండు నిలువుల లోతుండేది" అన్నాడు.

తిరిగి ఆటో ఎక్కాం. తిమింగలం అంత అల లేచిందని, పడవ దాని వీపు మీదుగా దూకిందని బందరులో ఎలా చెప్పాలో నేను మనసులో కూర్చుకుంటున్నాను. నాగాయలంక దగ్గర సిగ్నల్ వచ్చింది. ముందు సూర్యనారాయణ గారికి చెప్పింది. "దాటారండీ." అవతల ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు నాకూ వినపడింది.

తర్వాత అలవాటు కొద్దీ లెక్క తెరిచింది. వేళ్లకింకా పసుపే.

"ఎంత?" అన్నాను.

"సున్నా."

నవ్వింది. అంకె మీద పసుపు అంటుకుంది. తుడవలేదు.